కాగడా ఆరేలోపు: పాత పద్ధతి ఫాంటసీ క్యాంపెయిన్ల వెనకున్న లెక్క

సంక్షిప్తంగా: డంజియన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి ఫాంటసీ ఆటల్లో నలుగురు బల్లచుట్టూ కూర్చుని, తలొక పాత్ర తరఫున మాటలతో, పాచికలతో సాహసాలు ఆడతారు. వారాల తరబడి సాగే అలాంటి ఆటే క్యాంపెయిన్. దాని పాత పద్ధతిలో నాణేల బరువు, కాగడాల లెక్క, పాత్రలకు తొందరగా వచ్చే చావు విడివిడిగా చూస్తే చాదస్తంలా కనిపిస్తాయి. నిజానికి అవి ఒకదాన్నొకటి తిప్పే పళ్లచక్రాలు. కొన్నింటిని విసుగని తీసేసి, చావును మాత్రం ఉంచుకున్న చోటే ఫిర్యాదులు ఎక్కువగా పుడతాయి. ప్రతివారం అదే నలుగురు కూడటం గగనమైన బెంగళూరు లాంటి నగరానికి ఈ పద్ధతిలో అదనపు సౌకర్యం కూడా ఒకటుంది.

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌తో ఈ ఆటల్లోకి వచ్చినవారికి, "ఓల్డ్ స్కూల్ క్యాంపెయిన్ మొదలుపెడుతున్నాం, వస్తారా?" అన్న పిలుపు తికమక పెడుతుంది. పాత్రకు పూర్వకథ రాయనక్కర్లేదంటారు. మూడు పాచికలు ఆరుసార్లు వేసి, వచ్చిన అంకెలను వచ్చిన వరసలోనే బలం, తెలివి వగైరాలకు రాసుకోమంటారు. పావుగంటలో తయారైన ఆ పాత్ర గంటన్నరలో విషపుసూది గుచ్చుకుని చనిపోతే, ఆట నడిపే రిఫరీ ఏ మాత్రం నొచ్చుకోకుండా కొత్త కాగితం చేతిలో పెడతాడు. ఇది సరదా ఎలా అవుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పాతదంటే ఉన్న మమకారంలో దొరకదు, నియమాల అల్లికలో దొరుకుతుంది.

పాత పద్ధతి అంటే ఏది?

ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు దాని రూపకర్తలు. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. దాని మూలాలు యుద్ధక్రీడల్లో, అంటే బల్లమీద సీసపు సైనికులను పేర్చి ఆడే ఆటల్లో ఉన్నాయి. ఆ ఆటల్లో ఇరుపక్షాలకూ చెందని తీర్పరి ఒకడుండేవాడు. పాత పద్ధతివారు ఆట నడిపేవాణ్ణి ఇప్పటికీ రిఫరీ అనడం వెనక ఈ వారసత్వం ఉంది. కథ చెప్పేవాడు వేరు, తీర్పరి వేరు.

1981లో టామ్ మోల్డ్‌వే, డేవిడ్ కుక్‌లు కూర్చిన బేసిక్, ఎక్స్‌పర్ట్ సంపుటాలు ఈ నియమాలను కుదురుగా, తక్కువ పేజీల్లో పెట్టాయి. ఇవాళ పాత పద్ధతి పేరుతో నడిచే బల్లల్లో చాలావాటికి ఆ రెండే ఆధారం కనుక, ఈ వ్యాసంలోని లెక్కలు కూడా వాటినుంచే తీసుకున్నవి. 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ సాహసాలతో ముందే అల్లిన కథను పాత్రలు అనుసరించే తీరు బలపడింది. అంతకుముందు అందరూ ఒకేలా ఆడారని అనుకోవడం మాత్రం పొరపాటు. మొదటి రోజుల నుంచీ కథ కోసం ఆడినవారూ ఉన్నారు, నిధి కోసం ఆడినవారూ ఉన్నారు. ఈరోజు "ఓల్డ్ స్కూల్" అంటున్నది ఆనాటి అలవాట్లలోంచి ఏరి కూర్చుకున్న ఒక పద్ధతి.

అలా ఏరి కూర్చుకోవడానికి దారి వేసినది చట్టపరమైన ఒక పరిణామం. మూడో ఎడిషన్‌తో పాటు 2000లో వచ్చిన ఓపెన్ గేమ్ లైసెన్స్, ఆట పరిభాషను ఇతరులు వాడుకునే వీలు కల్పించింది. దాని ఆసరాతో 2006లో ఓస్రిక్, 2007లో లాబిరింత్ లార్డ్, 2008లో స్వోర్డ్స్ అండ్ విజార్డ్రీ అనే పుస్తకాలు పాత నియమాలను కొత్త మాటల్లో మళ్లీ అందుబాటులోకి తెచ్చాయి. 2019లో వచ్చిన ఓల్డ్ స్కూల్ ఎస్సెన్షియల్స్ 1981 నాటి నియమాలనే చూడగానే దొరికేలా పేజీలకు సర్దింది. 2023 జనవరిలో ఆటను ప్రచురించే కంపెనీ ఆ లైసెన్స్‌ను బిగించే ప్రయత్నం చేసి, వ్యతిరేకత రావడంతో, ఐదో ఎడిషన్ మూలనియమాలను అదే నెలలో ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద విడుదల చేయాల్సి వచ్చింది. ఆ గొడవలో పెద్ద కంపెనీ మీద ఆధారపడని ఆటలేమున్నాయని వెతికినవారిలో కొందరి చూపు ఇటు తిరిగింది. వీటిలో కొన్నింటి పీడీఎఫ్‌లు ఉచితం. వీధి చివరి జిరాక్స్ షాపులో స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే క్యాంపెయిన్‌కు కావలసిన సరంజామాలో ముప్పాతిక వంతు సమకూరినట్టే.

గుప్తనిధుల వేట

పాత పద్ధతికి ఇరుసు ఒక్క నియమం: నేలమాళిగలోంచి ఊరికి క్షేమంగా తెచ్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక అనుభవ పాయింటు. ఈ పాయింట్లు పోగయ్యేకొద్దీ పాత్ర పై లెవెల్‌కు, అంటే మరింత బలమైన స్థాయికి చేరుతుంది. శత్రువును చంపితే వచ్చేది చాలా తక్కువ. గాబ్లిన్ అనే పొట్టి రాక్షసిని ఒకదాన్ని చంపితే బృందం మొత్తానికి 5 పాయింట్లు. కత్తివీరుడు రెండో లెవెల్‌కు చేరడానికి 2000 కావాలి. నలుగురు కత్తివీరులకు కలిపి 8000 కనుక, కేవలం యుద్ధంతో పైకి రావాలంటే 1600 గాబ్లిన్‌లను చంపాలి. అంతమందితో పోరాడి ఎవరూ బతికుండరు. అందువల్ల శత్రువును ఏమార్చడం, లంచమివ్వడం, అతను నిద్రపోయేదాకా ఆగడం, అసలు ఎదురుపడకుండా నిధిని లేపుకుపోవడం తెలివైన ఆట అవుతుంది.

రాయలసీమ దినపత్రికల జిల్లా పేజీలు చదివి పెరిగినవారికి ఈ తర్కాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. పాడుబడ్డ కోట, అమావాస్య రాత్రి, పలుగులు పారలు, ఒక మంత్రగాడు, వాటా కోసం వచ్చిన ఇద్దరు కూలీలు. గుప్తనిధుల కోసం గండికోట చుట్టుపక్కల తవ్వడానికి వెళ్లేవాడు అక్కడి కాపలావాడితో కత్తియుద్ధం చేయాలని వెళ్లడు. పాత పద్ధతి పాత్రలు సాహసవీరులు కావడంకన్నా ఈ బాపతు మనుషులు కావడమే ఎక్కువ. ఐదో ఎడిషన్‌లో సాధారణంగా యుద్ధం గెలిచినందుకో కథలో మైలురాయి చేరినందుకో లెవెల్ పెరుగుతుంది కాబట్టి, అక్కడ పాత్ర ప్రవర్తన సహజంగానే వేరుగా ఉంటుంది. పాయింట్లు దేనికిస్తే మనుషులు దానివెంట పడతారు, ఆఫీసులో అప్రైజల్ లాగే.

వెలుతురు, బరువు, కాలం

నిధి కోసమే ఆట అయినప్పుడు దాన్ని మోయడం సమస్య కావాలి. ఇక్కడినుంచే మిగతా చక్రాలు తిరుగుతాయి. నేలమాళిగలో కాలాన్ని పదేసి నిమిషాల టర్న్‌లుగా లెక్కిస్తారు. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది. రెండు టర్న్‌లకు ఒకసారి రిఫరీ ఆరుముఖాల పాచిక వేస్తాడు. ఒకటి పడితే తిరుగాడే ప్రాణి ఏదో అటుగా వస్తుంది, దాని దగ్గర నిధి ఉండే అవకాశం తక్కువ. బరువును నాణేల్లోనే కొలుస్తారు. 400 నాణేల దాకా మోస్తే టర్న్‌కు 120 అడుగులు నడవవచ్చు, 600 దాకా 90, 800 దాకా 60, అంతకుమించి 1600 వరకు 30.

మారతహళ్ళిలో ఒక ఫ్లాట్, ఆదివారం సాయంత్రం, నలుగురు ఆటగాళ్లు. వాళ్ల పాత్రలు ప్రవేశద్వారానికి 720 అడుగుల లోపల ఉన్నాయి. 3000 వెండి నాణేలున్న పెట్టె దొరికింది. ఆయుధాలు, సామాను కలిపి ఒక్కొక్కరి మీద అప్పటికే 400 నాణేల బరువుంది.

"రేయ్, కాగడాలెన్ని?"

"మూడు. ఇప్పుడు వెలిగించిందాంతో కలిపి."

"అయితే సగమే మోద్దాం బావా."

"మిగతా సగం వచ్చే ఆదివారం దాకా ఇక్కడే కూర్చుంటుందా?"

కాగడా పట్టుకున్న కూలీ ఎంకన్న నెత్తిన పెడదామని ఒకరంటారు. అతను పెట్టె ఎత్తుకుంటే కాగడా ఎవరు పట్టుకోవాలని ఇంకొకరంటారు. రిఫరీ నోరు మెదపడు. వాళ్లు మాట్లాడుకుంటున్నంతసేపూ తన కాగితం మీద వరసగా గీసిన గడుల్లో ఒకదాన్ని పెన్సిల్‌తో నింపుతాడు. ఆ గీత చప్పుడు వినగానే బల్లచుట్టూ మాటల వేగం పెరుగుతుంది.

లెక్క ఇలా ఉంది. పెట్టెను వదిలేసి వెళ్తే ఆరు టర్న్‌లు, మూడు పరీక్షలు, అంటే తిరుగాడే ప్రాణి వస్తుందో లేదో తేల్చే పాచికలు. కనీసం ఒక్క ప్రాణి ఎదురుపడే అవకాశం దాదాపు 42 శాతం. 1600 నాణేలు పంచుకుని మోస్తే పన్నెండు టర్న్‌లు, ఆరు పరీక్షలు, సుమారు 67 శాతం. మొత్తం మోస్తే ఇరవైనాలుగు టర్న్‌లు, పన్నెండు పరీక్షలు, 89 శాతానికి కాస్త తక్కువ. పైగా నాలుగు కాగడాలు కావాలి, ఉన్నవి మూడు. చివరి గంట చీకట్లో తడుముకుంటూ నడవాలి. గంటకొకసారి తప్పనిసరిగా తీసుకోవాల్సిన విశ్రాంతి టర్న్ ఈ లెక్కలో చేరలేదు. ఇంతకీ పది వెండి నాణేలు ఒక బంగారు నాణెంతో సమానం కనుక, మొత్తం మోసుకొచ్చినా దక్కేది తలా 75 పాయింట్లు. ఎవరి పాత్రా చావకుండానే, ఒక్క కత్తి దూయకుండానే, పావుగంట ఉత్కంఠ పుట్టింది. రిఫరీ దాన్ని రాయలేదు, నియమాలు పుట్టించాయి.

ఇందులో ఏ ఒక్క భాగాన్ని తీసేసినా మిగతావి వెలవెలబోతాయి. బరువు లెక్క తీసేస్తే పెట్టె మొత్తం ఎత్తుకుపోతారు, కాగడాలు చాలినన్ని ఉంటాయి, వెలుతురు ప్రశ్నే ఉండదు. తిరుగాడే ప్రాణులను తీసేస్తే కాలం ఉచితమవుతుంది, ప్రతి గదినీ గంటసేపు సోదా చేస్తారు. నిధికి పాయింట్లు తీసేస్తే పెట్టె దగ్గర ఆగాల్సిన అవసరమే ఉండదు.

ఎదురుపడ్డ ప్రతివాడూ శత్రువు కాడు

తిరుగాడే ప్రాణి రావడమంటే యుద్ధం వచ్చినట్టే అన్న భావన కొత్తవారిలో బలంగా ఉంటుంది. పాత నియమాలు అలా అనవు. ప్రాణి ఎలా స్పందిస్తుందో ముందే తేలకపోతే రిఫరీ రెండు పాచికలు వేసి మొత్తం చూస్తాడు. రెండు వస్తే వెంటనే దాడి, మూడు నుంచి ఐదు వరకు శత్రుభావం, ఆరు నుంచి ఎనిమిది వరకు ఎటూ తేల్చుకోని స్థితి, తొమ్మిది నుంచి పదకొండు వరకు దాడి ఉద్దేశం లేనట్టు, పన్నెండైతే స్నేహం. ముప్పైఆరు వీలుల్లో వెంటనే దాడికి దారితీసేది ఒక్కటే, శత్రుభావానికి తొమ్మిది. మిగిలిన ఇరవైఆరు, అంటే 72 శాతం, మాట్లాడటానికి సందు ఇచ్చేవే.

యుద్ధం మొదలైనా చివరిదాకా సాగనక్కర్లేదు. ప్రతి జాతి ప్రాణికీ ధైర్యానికొక అంకె ఉంటుంది, గాబ్లిన్‌లకు 7. తమవైపు మొదటివాడు పడినప్పుడు ఒకసారి, సగంమంది పడినప్పుడు మరోసారి రెండు పాచికలు వేస్తారు. మొత్తం 7 దాటితే పారిపోతారు లేదా లొంగిపోతారు. ఒక్కో పరీక్షలో ఆ అవకాశం 42 శాతం, రెండూ కలిపి చూస్తే 66 శాతం. ఈ రెండు పట్టికలనూ పక్కన పెట్టేసి, ప్రతి ప్రాణినీ ఆఖరి శ్వాస దాకా పోరాడించే రిఫరీ, తనకు తెలియకుండానే ఆటను అనేక రెట్లు క్రూరంగా మారుస్తాడు. "ఓల్డ్ స్కూల్ అంటే చావులే" అన్న అపవాదుకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంది.

పాచిక కన్నా ముందు మాట

కొత్త ఎడిషన్లలో ఉచ్చును కనిపెట్టాలంటే "పర్సెప్షన్" (గమనించే నైపుణ్యం) అని ఇరవైముఖాల పాచిక వేస్తారు. పాత పద్ధతిలో పాత్ర ఏం చేస్తోందో ఆటగాడు నోటితో చెప్పాలి. గడప మీద మట్టి కొత్తగా ఉందా, గొళ్లెం లోపలినుంచి వేసి ఉందా, దూలానికి మేకులెందుకు దిగేశారు అని అడగాలి. చెప్పినది సరిపోతే పాచికతో పనిలేదు.

ఈ ఒక్క తేడా వల్ల భాషకు ప్రాధాన్యం వస్తుంది. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, పని చెప్పడం సొంత భాషలో జరిగినప్పుడు వస్తువులు చేతికందుతాయి. రహస్య ద్వారం కోసం గోడ వెంట అగరుబత్తి పట్టుకుని నడుస్తూ, పొగ ఏ సందువైపు వంగుతుందో చూస్తానని ఒక ఆటగాడు అంటే, దాన్ని కొలిచే నైపుణ్యాంకె ఏ కాగితంలోనూ ఉండదు. కనిపించని ప్రాణి అడుగులు పట్టడానికి నేలమీద ముగ్గుపిండి చల్లడం కూడా ఇలాంటిదే. యూరప్ తరహా సాహసాల్లో ఉచ్చులను దూరంనుంచే తడిమి చూసే పదడుగుల కర్ర చేసే పనిని ఇక్కడ వంటింటి సామాను చేస్తుంది. బెంగళూరు బల్లల దగ్గర ఒక కన్నడ మిత్రుడో తమిళ మిత్రుడో ఉండటం మామూలే కాబట్టి మాట మూడు భాషల్లో దొర్లుతుంది, దానివల్ల ఆటకు నష్టమేమీ లేదు.

రిఫరీ పనిని నాటక ప్రయోక్తతో పోల్చడం పరిపాటి. అవధానితో పోల్చడం ఇంకా దగ్గరగా ఉంటుంది. అవధాని పద్యాలు ముందే రాసుకుని రాడు. పృచ్ఛకుడు ఏమడుగుతాడో తెలియదు, ఛందస్సు మాత్రం మారదు, గుర్తుంచుకోవాల్సినవి ఒకేసారి ఎనిమిది. రిఫరీకీ పటం, గడియారం, పట్టికలు స్థిరం. మిగతాదంతా ఎదుటివాడి ప్రశ్నను బట్టి. అప్రస్తుత ప్రసంగం చేసే మనిషి కూడా ప్రతి బల్లకూ ఒకడు తప్పకుండా ఉంటాడు.

అందుకే ముందస్తు తయారీ కూడా వేరు. సన్నివేశాలు రాసుకోరు, స్థలాన్ని తయారు చేస్తారు. 1981 నాటి పట్టిక ప్రకారం ప్రతి గదికీ ఆరుముఖాల పాచిక వేస్తే, ఒకటి రెండు పడితే ప్రాణి, మూడైతే ఉచ్చు, నాలుగైతే విశేషం, ఐదు ఆరు అయితే ఖాళీ. మూడోవంతు గదులు ఖాళీ అన్నమాట. ఇది సోమరితనం కాదు. పారిపోవడానికి, మాటువేయడానికి, దొరికిన నిధిలో కొంత దాచి రావడానికి ఖాళీ చోటు కావాలి. పటంలో దారులు చుట్టుతిరిగి కలవాలన్నది మరో షరతు. ఒకే తిన్నని దారి ఉన్న నేలమాళిగలో ఎన్ని గదులున్నా ఆటగాళ్లకు ఎంపిక లేనట్టే.

ఆదివారానికి ఎవరొస్తారో తెలియని నగరం

కథ ప్రధానంగా సాగే క్యాంపెయిన్‌కు అదే నలుగురైదుగురు నెలల తరబడి రావాలి. ఒకరికి ఆన్‌కాల్, మరొకరికి రిలీజ్ రాత్రి, ఇంకొకరు సిల్క్‌బోర్డ్ దగ్గర ఇరుక్కుపోతారు. సంక్రాంతి ముందు వారం మడివాళలో బస్సుకోసం నిలబడ్డవాళ్లలో సగం బృందం ఉంటుంది. కథానాయకుడే రాకపోతే కథ ఆగిపోతుంది.

మొదటి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఒకే క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చని, ఒక రిఫరీకి ఇరవైమంది ఆటగాళ్లు తగిన నిష్పత్తి అని చెప్పింది. వారందరూ ఒకేసారి కూర్చుంటారని కాదు. ఎవరు వస్తే వారు ఆ రోజు బృందంగా వెళ్లి, ఆట ముగిసేలోపు ఊరికి తిరిగిరావాలి. తర్వాతివారం వేరే నలుగురు అదే నేలమాళిగకు వెళ్తే, మొదటివారు వదిలేసిన వెండి వాళ్లకు దొరకవచ్చు. 2007లో బెన్ రాబిన్స్ వర్ణించిన వెస్ట్ మార్చెస్ క్యాంపెయిన్ ఇదే పద్ధతిని మరింత తేటగా పెట్టింది: స్థిరమైన బృందం లేదు, స్థిరమైన రోజు లేదు, ముందే అల్లిన కథ లేదు, ఎక్కడికి వెళ్లాలో ఆటగాళ్లే తేల్చుకుని రిఫరీకి చెబుతారు.

దీన్ని కలిపి ఉంచేది క్యాలెండర్. 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో గైగాక్స్ కాలపు లెక్క కచ్చితంగా రాయకుండా అర్థవంతమైన క్యాంపెయిన్ సాధ్యం కాదని పెద్ద అక్షరాల్లో రాశాడు. ఆట జరగని రోజుల్లో బయట ఒకరోజు గడిస్తే లోపలా ఒకరోజు గడిచినట్టు లెక్కించడం మేలన్నది కూడా అందులోని సలహాయే. పూర్తిగా విశ్రాంతి తీసుకున్న రోజుకు ఒకటి నుంచి మూడు హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలాన్ని కొలిచే అంకె) మాత్రమే తిరిగివచ్చే నియమానికి దీంతో అర్థం ఏర్పడుతుంది. ఐదో ఎడిషన్‌లో ఒక రాత్రి నిద్రతో గాయాలన్నీ మానిపోతాయి. ఇక్కడ చావుతప్పి బయటపడిన మొదటి లెవెల్ కత్తివీరుడు కోలుకోవడానికి ఆదివారం నుంచి ఆదివారం దాకా గడువు సరిగ్గా సరిపోతుంది. పండక్కి ఊరెళ్లినవాడి పాత్ర కూడా ఊళ్లోనే ఉండి గాయాలు మాన్పుకుంటుంది, ఎవరూ సాకు అల్లనక్కర్లేదు.

ఎక్కడ బెడిసికొడుతుంది

మొదటి లెవెల్ మాంత్రికుడికి నాలుగుముఖాల పాచిక వేస్తే వచ్చినన్నే హిట్ పాయింట్లు, సగటున రెండున్నర. ఆరుముఖాల పాచికతో కొలిచే ఒక్క దెబ్బ తగిలితే అతను చనిపోయే అవకాశం 75 శాతం. సున్నాకు చేరితే ఐదో ఎడిషన్‌లో మాదిరిగా బతికి బట్టకట్టే పరీక్షలేవీ లేవు. కూలీలు, మాటామంతీ, పారిపోయే దారి, కొత్త పాత్రను పదిహేను నిమిషాల్లో తయారుచేసే సౌలభ్యం ఉన్నప్పుడు ఈ అంకె భరించదగినదే. నిధికి పాయింట్లు ఇవ్వకుండా, కాగడాల లెక్క చూడకుండా, స్పందన పాచికలు వేయకుండా ఈ ఒక్కదాన్ని మాత్రమే తెచ్చి పెట్టుకున్న బల్ల దగ్గర, ఆటగాడికి తన తప్పేమిటో తెలియకుండానే పాత్ర పోతుంది. రెండు నెలల్లో ఆ బల్ల చెదిరిపోవడానికి అది చాలు.

తీర్పులన్నీ ఒకరి నోటిమీద నడవడం మరో బలహీనత. అగరుబత్తి ఉపాయాన్ని ఈవారం ఒప్పుకుని వచ్చేవారం కాదన్న రిఫరీ మీద నమ్మకం పోతుంది. దీనికి అనుభవజ్ఞులు పాటించే విరుగుడు సాదాసీదా: ఇచ్చిన ప్రతి తీర్పునూ ఒక నోట్‌బుక్కులో రాసుకోవడం, పాచికలు అందరి ముందూ వేయడం, ప్రమాదం ఎంతో చెప్పాకనే ఆటగాడి నిర్ణయం అడగడం. మూడోది ముఖ్యం. గడప మీద కొత్తమట్టి ఉందని చెప్పకుండా గుంటలో పడేస్తే అది తీర్పు కిందికి రాదు.

లెక్కలు రాయడంలో ఉన్న విసుగు కూడా నిజమే. వారమంతా స్ప్రెడ్‌షీట్లతో కుస్తీపట్టినవారు ఆదివారం నాణేల బరువు కూడమంటే ముఖం చిట్లిస్తారు. ఇటీవలి ఆటల్లో కొన్ని దీనికి గడుల పద్ధతి తెచ్చాయి: పాత్రకు పదో పన్నెండో గడులు, గడికొక వస్తువు, నాణేలైతే సంచికొక గడి. కూడికలు పోయాయి, కానీ తాడు పారేసి సంచి ఎత్తుకోవాలా అన్న తర్జనభర్జన పోలేదు. మారతహళ్ళి బల్ల దగ్గర ఆ పెట్టెను ఈ పద్ధతిలో పెట్టినా, ఎంకన్న చేతిలో కాగడా ఉండాలా సంచి ఉండాలా అన్నది నలుగురూ కూర్చుని తేల్చుకోవాల్సిందే.